35 మి.మీ. ఫిల్మ్‌లో నిజంగా ఎన్ని మెగాపిక్సెళ్లు ఉంటాయి? స్కాన్ మసకగా వస్తే లోపం ఎక్కడ?

35 మి.మీ. ఫిల్మ్ ఒక్కో ఫ్రేమ్‌లో 20 మెగాపిక్సెళ్లకు మించిన వివరం ఉంటుందని మీరు చాలాచోట్ల చదివారు. తీరా పాత నెగటివ్‌లను ల్యాబ్‌లో స్కాన్ చేయించి, మీ 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాతో తీసిన ఫొటోల పక్కన పెట్టి పెద్దవి చేసి చూస్తే, ఫిల్మ్ ఫొటోలు మసకగా, గరుకుగా కనిపించాయి. చదివిన లెక్కలు తప్పా, ఫిల్మే అంతంతమాత్రమా, లేక తీయడంలో ఏదైనా లోపం జరిగిందా అన్నది మీ ప్రశ్న. డార్క్‌రూమ్‌లోనూ, ఆ తరువాత స్కానర్ల ముందూ చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒకే సైజు ఫ్రేమ్‌ను తీసుకుంటే, సూక్ష్మ వివరంలోనూ, తక్కువ వెలుతురులో శుభ్రమైన చిత్రం ఇవ్వడంలోనూ డిజిటల్ సెన్సర్ ఫిల్మ్‌ను దాటిపోయి చాలా కాలమైంది. ఈ విషయంలో ఇప్పుడు వాదించుకోవలసింది పెద్దగా ఏమీ లేదు. అయితే మీరు తెర మీద పక్కపక్కన పెట్టి చూసిన రెంటిలో ఒకటి సెన్సర్ పనితనం, రెండోది ల్యాబ్ స్కానర్ పనితనం. ఫిల్మ్ పనితనం ఆ పోలికలోకి పూర్తిగా రానే లేదు. అది ఎక్కడ మేలో, ఎక్కడ కాదో తెలియాలంటే ముందు ఈ రెంటినీ విడదీసి చూడాలి.

మొదట ఆ మెగాపిక్సెళ్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఫిల్మ్ తయారీదారులు తమ సాంకేతిక పత్రాల్లో ప్రతి ఫిల్మ్‌కూ రిజాల్వింగ్ పవర్ అని ఒక అంకె ఇస్తారు. ఒక మిల్లీమీటరులో ఎన్ని జతల గీతలను, అంటే ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత కలిపి ఒక జతగా, ఆ ఫిల్మ్ విడివిడిగా చూపగలదో ఆ అంకె చెబుతుంది. నిజానికి అక్కడ అంకె ఒకటి కాదు, రెండు ఉంటాయి. నెగటివ్‌గా కాక అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే ఫుజీ ప్రొవియా 100ఎఫ్ స్లయిడ్ ఫిల్మ్‌ను తీసుకోండి. గీతల మధ్య వెలుగు తేడా 1000:1 ఉన్నప్పుడు మి.మీ.కు 140 జతలని, తేడా 1.6:1 మాత్రమే ఉన్నప్పుడు 60 జతలని ఆ పత్రంలో ఉంటుంది. ఒక జత గీతలకు కనీసం రెండు పిక్సెళ్లు కావాలి కాబట్టి, 36 × 24 మి.మీ. ఫ్రేమ్‌లో మొదటి అంకె ప్రకారం 10,080 × 6,720 పిక్సెళ్లు, అంటే సుమారు 68 మెగాపిక్సెళ్లు వస్తాయి. రెండో అంకె ప్రకారం 4,320 × 2,880, అంటే 12 మెగాపిక్సెళ్లకు కాస్త ఎక్కువ. ఫిల్మ్ ఒక్కటే, పత్రం ఒక్కటే. ఏ వరుస చదివారన్నదాన్ని బట్టి జవాబు అయిదు రెట్లకు పైగా మారిపోయింది. ఫుజీదే అయిన వెల్వియా 50 ఫిల్మ్‌కు తక్కువ తేడా దగ్గర 80 జతలు ఇచ్చారు. అదే లెక్క వేస్తే 22 మెగాపిక్సెళ్లు. మీరు చదివిన 20 పైచిలుకు మెగాపిక్సెళ్లు ఆ అంచనాకు దగ్గరగా ఉన్నాయి. వెల్వియా అతి సన్నని గ్రెయిన్ (చిత్రాన్ని కూర్చే రేణువులు) ఉన్న కలర్ ఫిల్మ్‌లలో ఒకటన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. వెలుతురుకు ఎక్కువ వేగంగా స్పందించే, కాబట్టి గ్రెయిన్ ముతకగా ఉండే ఐఎస్ఓ 400 నెగటివ్ ఫిల్మ్‌కు అదే అంకె తగిలించడం సరికాదు.

ఈ రెంటిలో ఏ వరుసను నమ్మాలి? 1000:1 తేడా అంటే దాదాపు కటిక నలుపు పక్కన మెరిసే తెలుపు. నిజమైన దృశ్యంలో కొమ్మల వెనుక తెల్లని ఆకాశం వంటి చోట్ల తప్ప అంత తేడా సన్నని వివరంలో ఉండదు. వస్త్రపు నేత, చర్మపు గీతలు, దూరపు ఆకుల గుంపు, గోడ మీది గరుకుదనం — ఒక ఫొటో పదునుగా ఉందో లేదో మన కన్ను తేల్చుకునేది ఇలాంటి వాటిని చూసే. వీటిలో పక్కపక్క బిందువుల మధ్య వెలుగు తేడా రెండు మూడు రెట్లు కూడా ఉండదు. అందువల్ల తక్కువ తేడా దగ్గరి అంకే అసలు గీటురాయి అని నా నమ్మకం. పెద్ద అంకె పట్టుకుని ఫిల్మ్‌ను ఆకాశానికెత్తేవారు, పరీక్షా పత్రం మీద గీసిన గీతలకు మాత్రమే చెల్లే మాటను అన్ని దృశ్యాలకూ వర్తింపజేస్తున్నారు.

గీతలు ఇక విడిపోవు అనే చివరి హద్దు ఒక్కటే నాణ్యతను చెప్పదన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ హద్దుకు చేరేలోగా, మధ్యస్థమైన వివరం ఎంత స్ఫుటంగా నిలిచిందన్నదే కంటికి ఎక్కువగా తెలుస్తుంది. వివరం సన్నబడేకొద్దీ కాంట్రాస్ట్ ఎంత శాతం నిలుస్తుందో చూపే ఈ రేఖనే ఎంటీఎఫ్ గీత అంటారు. ఫిల్మ్ విషయంలో ఈ గీత ఒక వింత తీరులో నడుస్తుంది. మి.మీ.కు పది జతల వంటి ముతక వివరం దగ్గర అది కొన్నిసార్లు 100 శాతం కూడా దాటుతుంది. డెవలపర్ రసాయనం అంచుల దగ్గర ఒకవైపు త్వరగా ఖర్చయి, మరోవైపు తాజాగా మిగలడం వల్ల అంచులు సహజంగానే కొంచెం పదునెక్కుతాయి. అక్కడి నుంచి నిదానంగా జారుతూ, 40, 50 జతల దగ్గరికి వచ్చేసరికి చాలా కలర్ ఫిల్మ్‌లలో సగానికి దగ్గరగా పడిపోయి, ఆపైన ఎక్కడో గ్రెయిన్‌లో కలిసిపోతుంది. సెన్సర్ నడక వేరు. మీ 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో 6,000 × 4,000 పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి ఒక్కో పిక్సెల్ 6 మైక్రాన్లు. దాని సైద్ధాంతిక హద్దు మి.మీ.కు 83 జతలు. ఆ హద్దు వరకు అది కాంట్రాస్ట్‌ను బాగా నిలుపుతుంది, దాన్ని దాటితే నిజమైన వివరం ఏమీ ఇవ్వదు. ఇవ్వకపోగా, సన్నని నేత ఉన్న బట్టల మీద లేని చారలను, రంగుల అలలను పుట్టిస్తుంది. ఫిల్మ్‌లో గ్రెయిన్ ఏ వరుసా లేకుండా చెదిరి ఉంటుంది కాబట్టి ఈ మోరే చారలు దానిలో పుట్టవు. ఇది ఫిల్మ్‌కు ఉన్న నిజమైన గుణమే కానీ, దాని వల్ల వివరం పెరగదు.

సెన్సర్ పక్షాన చెప్పే అంకెలోనూ కొంత తగ్గింపు ఉంది. సాధారణ కలర్ సెన్సర్‌లో ప్రతి పిక్సెల్ మీదా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటే ఉంటుంది. సగం పిక్సెళ్లు ఆకుపచ్చను, పావు వంతు ఎరుపును, పావు వంతు నీలాన్ని చూస్తాయి. మిగిలిన రెండు రంగులను పొరుగు పిక్సెళ్ల ఆధారంగా సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి నింపుతుంది. ఫిల్మ్ తయారీకి పేరుపడిన కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంట్ వచ్చింది. దీని వల్ల 24 మెగాపిక్సెళ్ల ఫైల్‌లో వెలుగునీడల వివరం కొద్దిగా, రంగుల వివరం అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది. ఈ తగ్గింపును లెక్కలోకి తీసుకున్నా, మంచి 35 మి.మీ. కలర్ ఫిల్మ్ మామూలు దృశ్యాల్లో ఇవ్వగలిగిన 10 నుంచి 16 మెగాపిక్సెళ్ల స్థాయిని మీ కెమెరా దాటుతుంది. ఇది నా అంచనా. సన్నని గ్రెయిన్ ఫిల్మ్‌ను ట్రైపాడ్ మీద వాడితే ఇంకొంత పెరుగుతుంది, ఐఎస్ఓ 400 ఫిల్మ్‌ను చేతిలో పట్టుకుని తీస్తే సగానికి తగ్గుతుంది. ఫిల్మే గొప్పదని తేల్చిన పాత వ్యాసాల్లో చాలా వరకు రాసిన రోజుకు నిజాలే. 1999లో వచ్చిన నికాన్ డి1లో 2.7 మెగాపిక్సెళ్లే ఉండేవి. 2012లో నికాన్ డి800 వచ్చేసరికి అవి 36కు చేరాయి. వ్యాసం తేదీ చూడకుండా దాని తీర్పును ఈనాటికి అన్వయించడం వల్లే చాలా గందరగోళం.

ఇక స్కానర్ సంగతి. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. వెలుతురు వస్తువు నుంచి బయలుదేరి మీ తెర మీదికి చేరేలోగా దాటే ప్రతి మజిలీ దగ్గరా కాంట్రాస్ట్ కొంత పోతుంది. పోయినవి కూడికగా కాక గుణకారంగా పోతాయి. ఒకానొక సన్నని వివరం దగ్గర లెన్స్ 70 శాతం, ఫిల్మ్ 50 శాతం, స్కానర్ 60 శాతం కాంట్రాస్ట్ నిలుపుతాయి అనుకుందాం. మూడూ కలిసేసరికి మిగిలేది 21 శాతమే. డిజిటల్‌లో ఒక మజిలీ పూర్తిగా తగ్గిపోతుంది. పైగా కెమెరా గానీ, రా ఫైల్‌ను (సెన్సర్ ఇచ్చిన ముడి ఫైల్‌ను) తెరిచే సాఫ్ట్‌వేర్ గానీ మీరు అడగకుండానే పదును పెంచి చూపిస్తుంది. ఫిల్మ్ స్కాన్‌కు అంతే పదును పెంచితే గ్రెయిన్ కూడా రెచ్చిపోతుంది కాబట్టి అంత స్వేచ్ఛ ఉండదు.

ల్యాబ్‌లు మామూలుగా ఇచ్చే స్కాన్‌లు చిన్న ప్రింట్ల కోసం, ఫోన్‌లో చూసుకోవడం కోసం ఉద్దేశించినవి. రోల్ మొత్తాన్ని వేగంగా లాగేసి, కాంట్రాస్ట్‌నూ రంగులనూ యంత్రమే నిర్ణయించి, గ్రెయిన్‌ను నునుపు చేసి, మళ్లీ పైన కృత్రిమంగా పదును అద్దిన ఫైల్ అది. ఇంట్లో వాడే ఫ్లాట్‌బెడ్ స్కానర్ల మీద 6,400 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) అని రాసి ఉన్నా, పరీక్షా పలక పెట్టి కొలిస్తే నిజంగా దక్కేది అందులో సగం కూడా ఉండదు; పెద్ద ఫార్మాట్ నెగటివ్‌లకు అవి చక్కగా సరిపోతాయి కానీ 35 మి.మీ.కు చాలవు. ఫిల్మ్ కోసమే తయారైన 4,000 డీపీఐ స్కానర్లు 36 × 24 మి.మీ. ఫ్రేమ్ నుంచి సుమారు 5,670 × 3,780 పిక్సెళ్లు, అంటే 21 మెగాపిక్సెళ్లు తీస్తాయి. మంచివాటిలో చెప్పిన అంకెకూ దక్కిన అంకెకూ పెద్ద తేడా ఉండదు. స్లయిడ్ ఫిల్మ్ అయితే దాని నీడలు మరీ చిక్కగా ఉంటాయి కాబట్టి, ఆ చిక్కదనాన్ని చీల్చుకుని చూడగల స్కానర్ కావాలి. లేకపోతే నీడల్లో ఉన్న వివరం అంతా నల్లని బురదగా వస్తుంది.

మీ దగ్గర డిజిటల్ కెమెరా ఉంది కాబట్టి, దానితోనే నెగటివ్‌ను ఫొటో తీయడం అన్నిటికంటే మేలైన దారి. 1:1 వరకు వెళ్లగల మాక్రో లెన్స్, ఫిల్మ్‌ను చదునుగా పట్టి ఉంచే హోల్డర్, రంగులను నమ్మకంగా చూపే, సీఆర్ఐ (రంగుల నమ్మకానికి కొలత) 95 లేదా అంతకు పైబడిన ఎల్ఈడీ పలక ఉంటే చాలు. హోల్డర్ ఉండవలసిన చోట చిన్న అద్దం పెట్టి, ఫ్రేమ్ సరిగ్గా నడుమన లెన్స్ ప్రతిబింబం కనిపించేదాకా కెమెరాను సర్దితే సెన్సర్, ఫిల్మ్ సమాంతరంగా వచ్చినట్లే. అపెర్చర్ ఎఫ్5.6, ఎఫ్8 మధ్య ఉంచండి. అంతకంటే మూస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దగ్గర వెలుతురు వంగి చెదరడం) వల్ల పదును పోతుంది. గదిలో మిగతా దీపాలు ఆర్పి, రా ఫైల్‌గా తీయండి. ఫోకస్‌ను ఫొటోలోని వస్తువు మీద చేయవద్దు. లైవ్ వ్యూలో గరిష్ఠంగా పెద్దది చేసి, ఆకాశం గానీ గోడ గానీ ఉన్న చోట గ్రెయిన్ మీద చేయండి. డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ కింద గ్రెయిన్ ఫోకసర్ పెట్టి చేసే పనీ ఇదే. ఫొటో తీసేటప్పుడే ఫోకస్ తప్పి ఉంటే మనిషి ముఖం ఎప్పటికీ పదునుగా రాదు, కానీ ఆ ముఖాన్ని కూర్చిన గ్రెయిన్ ఫిల్మ్ మీద ఎప్పుడూ పదునుగానే ఉంటుంది. కాబట్టి స్కాన్ బాగుందా లేదా అన్నదానికి ఒక్కటే పరీక్ష: నాలుగు మూలల్లోనూ, నడుమనూ గ్రెయిన్ చురుకుగా, విడివిడిగా కనిపించాలి. అలా కనిపిస్తే ఆ నెగటివ్‌లో ఉన్నది దాదాపు అంతా బయటికి వచ్చినట్లే. గ్రెయిన్ ఉన్నచోట మైనం పూసినట్లు అలికేసిన మచ్చలు కనిపిస్తే మాత్రం మీరు చూస్తున్నది స్కానర్ పరిమితినే.

గ్రెయిన్‌నూ డిజిటల్ నాయిస్‌నూ ఒకే గాటన కట్టడం కూడా పోలికను తప్పుదారి పట్టిస్తుంది. నలుపు-తెలుపు నెగటివ్‌లో గ్రెయిన్ అంటే వెండి రేణువుల గుంపులు. కలర్ ఫిల్మ్‌లో డెవలప్ చేసేటప్పుడు వెండిని తొలగించేస్తారు కాబట్టి ఆ చోట్ల మిగిలిన రంగు మబ్బుల వంటి మరకలు. ఏదైనా సరే, చిత్రం కూర్చి ఉన్నదే వాటితో. నాయిస్ అలా కాదు. అది సెన్సర్ పట్టిన వెలుతురు కొలతలో ఉండే అనిశ్చితి. ఒక పిక్సెల్‌కు 10,000 ఫోటాన్లు అందితే వాటి సహజమైన ఊగిసలాట 100, అంటే 1 శాతం. 100 మాత్రమే అందితే ఊగిసలాట 10, అంటే 10 శాతం. అందుకే డిజిటల్‌లో నీడలు ముందుగా చెడతాయి, వెలుగు భాగాలు నిర్మలంగా ఉంటాయి. ఫిల్మ్‌లో గ్రెయిన్ బాగా బయటపడేది మధ్యస్థమైన టోన్లలో, ముఖ్యంగా ఆకాశం వంటి నున్నని చోట్ల. ఫొటోను తెర మీద 100 శాతానికి పెంచి చూసినప్పుడు మీకు గరుకుగా అనిపించింది ఇదే. అదే ఫ్రేమ్‌ను 12 × 8 అంగుళాల ప్రింట్‌గా చేతిలో పట్టుకుని చూస్తే ఆ గరుకుదనం చాలామందికి కనబడదు, కనబడ్డవారిలో కొందరికి ఇష్టంగానూ ఉంటుంది.

వెలుతురు తగ్గినప్పుడు మాత్రం ఇష్టాయిష్టాలతో పని లేదు. వెండి లవణపు స్ఫటికం డెవలప్ కావడానికి సిద్ధపడాలంటే దానిలో కొన్ని వెండి అణువులు ఒకచోట చేరాలి; పడిన ఫోటాన్లలో చాలా భాగం ఈ లోపే వృథా అవుతుంది. ఆధునిక సెన్సర్ తన ఫిల్టర్ దాటి వచ్చిన ఫోటాన్లలో సగానికి పైగా పట్టుకుంటుంది, ఫిల్మ్ కొద్ది శాతమే వాడుకోగలుగుతుంది. ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచితే ఫిల్మ్ వేగం ఇంకా పడిపోతుంది: కొడాక్ ట్రై-ఎక్స్ పట్టిక ప్రకారం వెలుతురు కొలిచే మీటర్ 10 సెకన్లు చూపితే 50 సెకన్లు, 100 సెకన్లు చూపితే 1,200 సెకన్లు ఇవ్వాలి. బెల్ ల్యాబ్స్‌లో 1969లో పుట్టిన సీసీడీ అనే సెన్సర్‌ను 1980ల నుంచి ఖగోళ శాస్త్రవేత్తలు ఫొటోగ్రాఫిక్ ప్లేట్ల స్థానంలోకి తెచ్చుకోవడానికి ప్రధాన కారణం ఫోటాన్లను వృథా చేయని ఈ పొదుపే. ఫిల్మ్ డబ్బా మీది పెద్ద అంకెలను చూసి కూడా మోసపోకూడదు. ఇల్ఫర్డ్ డెల్టా 3200 అసలు ఐఎస్ఓ వేగం 1000 అని తయారీదారే చెబుతాడు. 3200 అన్నది డెవలప్‌మెంట్ పెంచి వాడుకోదగిన వేగం. మీ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఐఎస్ఓ 3200 దగ్గర ఇచ్చే ఫైల్, ఐఎస్ఓ 400 కలర్ ఫిల్మ్ కంటే నున్నగా ఉండటం చూసి ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇప్పుడు ఫిల్మ్ పక్షాన నేను గట్టిగా నిలబడే విషయానికి వస్తాను. కిటికీ పక్కన కూర్చున్న మనిషిని తీస్తున్నారు. ముఖంలో సగం నీడలో ఉంది, వెనుక తెల్లని పరదా మీద ఎండ పడుతోంది. మీటర్‌ను ముఖపు నీడకు సరిపెట్టి కలర్ నెగటివ్ మీద తీస్తే, పరదా మూడు స్టాపులు (ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు) ఎక్కువగా ఎక్స్‌పోజ్ అయినా దాని మడతలు కనిపిస్తూనే ఉంటాయి. తెలుపు నుంచి ఇంకా తెలుపుకు మెల్లగా కరుగుతుంది. అదే ఎక్స్‌పోజర్‌తో డిజిటల్‌లో తీస్తే పరదా నడుమ భాగం ఉట్టి తెల్ల కాగితమై, దాని అంచున తెలుపు ఎక్కడ మొదలైందో గీత గీసినట్లు తెలుస్తుంది. ఆ అంచున ఒక్కోసారి పసుపో గులాబీయో పూసినట్లు రంగు కూడా మారుతుంది, ఎందుకంటే మూడు రంగుల పిక్సెళ్లూ ఒకేసారి నిండవు. పిక్సెల్ ఒక గిన్నె వంటిది. అంచు దాకా ఎంత పోస్తే అంత పడుతుంది, ఆ తరువాత పోసినదంతా లెక్కలోకి రాదు. నెగటివ్‌లో ముందుగా పెద్ద స్ఫటికాలు, ఆ తరువాత చిన్నవి స్పందిస్తూ పోతాయి కాబట్టి వెలుతురు పెరిగేకొద్దీ ప్రతిస్పందన నిదానంగా మందగిస్తుంది. వెలుతురుకు ఫొటోగ్రాఫిక్ పదార్థం ఎలా స్పందిస్తుందో చూపుతూ 1890లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే పరిశోధకులు మొదటిసారి గీసిన వక్రరేఖకు పైన భుజంలా వంపు ఉండటానికి కారణం ఇదే.

అయితే ఈ ఔదార్యం ఒకే దిక్కున ఉంటుంది. అదే నెగటివ్‌కు రెండు స్టాపుల వెలుతురు తక్కువ ఇస్తే నీడలు పలచబడి, గ్రెయిన్‌తో నిండి, రంగు చెదిరిపోతాయి. ఆపైన ఏ స్కానరూ ఏమీ చేయలేదు. డిజిటల్ దీనికి సరిగ్గా తలకిందులు: కెమెరా అసలు (బేస్) ఐఎస్ఓ దగ్గర తీసిన రా ఫైల్‌లో నీడలను మూడు స్టాపులు పైకి లాగినా పనికొచ్చే చిత్రం వస్తుంది, కానీ తెల్లబడి పోయిన వెలుగు భాగం తిరిగి రాదు. స్లయిడ్ ఫిల్మ్ రెంటికీ చెడ్డది. దాని పరిధి మొత్తం అయిదారు స్టాపులే, అర స్టాప్ తప్పినా తెలిసిపోతుంది. అందువల్ల నెగటివ్‌కు నీడను, డిజిటల్‌కూ స్లయిడ్‌కూ వెలుగును చూసి ఎక్స్‌పోజ్ చేయాలి. రెండు కెమెరాలకూ ఒకే ఎక్స్‌పోజర్ ఇచ్చి పోల్చే పరీక్షలు ఎక్కువ వెలుతురు ఇస్తే డిజిటల్‌కూ, తక్కువ ఇస్తే ఫిల్మ్‌కూ అన్యాయం చేస్తాయి. ఎవరి పద్ధతిలో వారికి సరైన ఎక్స్‌పోజర్ ఇచ్చి చూసినప్పుడు, నేటి ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కూడా మొత్తం వెలుగునీడల పరిధిలో నెగటివ్‌కు ఏమాత్రం తీసిపోదు. కానీ వెలుగు తెలుపులోకి కరిగే ఆ తీరును డిజిటల్‌లో రాబట్టాలంటే కావాలని తక్కువ ఎక్స్‌పోజ్ చేసి, తరువాత వక్రరేఖను చేత్తో వంచాలి. ఫిల్మ్‌లో అది తానుగా వస్తుంది.

రంగుల విషయంలో నాణ్యత అనే మాటను కాస్త జాగ్రత్తగా వాడాలి. ఉన్న రంగును ఉన్నట్లు, ప్రతిసారీ ఒకేలా నమోదు చేయడమే నాణ్యత అనుకుంటే, రంగుల పలకతో ప్రొఫైల్ చేసుకున్న డిజిటల్ కెమెరాకు ఫిల్మ్ సాటిరాదు. డేలైట్ (పగటి వెలుతురుకు తయారైన) ఫిల్మ్ ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చబడుతుంది, బల్బు కింద ఎర్రబడుతుంది. డిజిటల్‌లో వైట్ బ్యాలెన్స్ మారిస్తే సరి. కానీ ఫిల్మ్ తయారీదారులు చర్మపు ఛాయ, ఆకుల పచ్చదనం కంటికి ఇంపుగా ఉండేలా పొరల స్పందనను దశాబ్దాల పాటు సరిచేస్తూ వచ్చారు; ఆ అభిరుచి ఫిల్మ్‌లోనే నిక్షిప్తమై ఉంటుంది. దీన్ని సాఫ్ట్‌వేర్‌లోని ప్రీసెట్‌తో (ముందే సిద్ధం చేసిన సర్దుబాటుతో) అచ్చంగా దింపవచ్చా అంటే, చిన్న సైజులో చూసినప్పుడు చాలా దగ్గరికి తేవచ్చు. పూర్తిగా తేలేకపోవడానికి కారణం, ఫిల్మ్ పొరలూ సెన్సర్ ఫిల్టర్లూ వెలుతురు తరంగదైర్ఘ్యాలను వేర్వేరుగా విడదీయడమే. ఫిల్మ్ రెండుగా చూసిన రంగులను సెన్సర్ ఒకటిగా నమోదు చేస్తే, తరువాత ఏ సర్దుబాటూ వాటిని విడదీయలేదు. ఇక కలర్ నెగటివ్‌లో కనిపించే నారింజ పూత, రంగు పదార్థాల్లోని కల్తీ శోషణను సరిదిద్దడానికి కావాలని పెట్టింది. దాన్ని తీసేసి బొమ్మను తిరగేయడంలో స్కాన్ చేసేవారి నిర్ణయం తప్పనిసరిగా చొరబడుతుంది. ఒకే నెగటివ్‌ను రెండు ల్యాబ్‌లకు పంపితే రెండు రకాల చర్మపు ఛాయలతో తిరిగొస్తుంది. అటువంటప్పుడు ఫలానా ఫిల్మ్ రంగు ఇది అని ఒక స్కాన్ చూసి తేల్చడం తొందరపాటు.

ఫ్రేమ్ సైజు మారితే పైన చెప్పిన తీర్పు చాలా వరకు తిరగబడుతుంది. 120 అనే వెడల్పాటి రోల్ ఫిల్మ్ మీద 6 × 7 ఫ్రేమ్ సుమారు 56 × 70 మి.మీ.; 35 మి.మీ. ఫ్రేమ్‌కు నాలుగున్నర రెట్ల వైశాల్యం. మి.మీ.కు 40 జతలే దక్కుతాయని పొదుపుగా లెక్క వేసినా 5,600 × 4,480, అంటే 25 మెగాపిక్సెళ్ల నిజమైన వివరం వస్తుంది. 4 × 5 అంగుళాల షీట్ ఫిల్మ్‌కు అదే లెక్కన 70 మెగాపిక్సెళ్లు దాటుతుంది. ప్రింట్ కోసం తక్కువ రెట్లు పెంచితే సరిపోతుంది కాబట్టి గ్రెయిన్ దాదాపు కనుమరుగవుతుంది, టోన్లు నిండుగా వస్తాయి. 2019లో వచ్చిన ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్100లో 102 మెగాపిక్సెళ్లు ఉన్నా దాని సెన్సర్ 44 × 33 మి.మీ. మాత్రమే, వివరంలో అది 6 × 7 ఫిల్మ్‌ను దాటుతుంది, అయినా పెద్ద ఫ్రేమ్, దానికి తగిన పొడవైన లెన్స్ కలిసి ఇచ్చే ఫోకస్ జారుడు (పదును నుంచి మసకకు మెల్లగా మారే తీరు) దానిలో రాదు. ఫిల్మ్ నాణ్యత కోసమే ఫిల్మ్ తీయాలనుకునేవారికి నేనైతే 35 మి.మీ. వదిలి నేరుగా 120 ఫిల్మ్‌కు వెళ్లమని చెబుతాను.

మీరే స్వయంగా పరీక్ష చేయదలిస్తే, రెండు కెమెరాలకూ పట్టే ఒకే లెన్స్‌ను ట్రైపాడ్ మీద వాడండి. లెన్స్ పాత రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్స్ అయితే దాన్ని పక్కన పెట్టండి. వెనుక నుంచి ఏటవాలుగా వచ్చే దాని కిరణాలు సెన్సర్ ముందున్న గాజు పలక వల్ల మూలల్లో చెదురుతాయి, ఫిల్మ్ మీద ఆ బాధ ఉండదు. రెండు ఫైళ్లనూ 100 శాతానికి పెంచి చూడకుండా, ఒకే సైజు ప్రింట్‌కు, ఉదాహరణకు 18 × 12 అంగుళాలకు సరిపెట్టి, ఒకే దూరం నుంచి చూడండి.

మీ పాత నెగటివ్‌లన్నిటినీ మళ్లీ స్కాన్ చేయనక్కరలేదు. లైట్ టేబుల్ మీద పరచి, 8 రెట్లు లేదా 10 రెట్లు పెంచే లూప్ (చిన్న భూతద్దం) తో ఒక్కొక్కటే చూడండి. కనురెప్పల వెంట్రుకలో, దూరపు బోర్డు మీది అక్షరాలో లూప్ కింద విడివిడిగా కనిపించి, ల్యాబ్ ఫైల్‌లో కలిసిపోయి ఉంటే ఆ ఫ్రేమ్‌ను కెమెరాతో తిరిగి తీయడం వల్ల లాభం ఉంటుంది. తక్కువ ఐఎస్ఓ ఫిల్మ్‌తో మంచి ఎండలో తీసినవి, ట్రైపాడ్ మీద తీసినవి ఎక్కువగా ఈ కోవలో తేలుతాయి. లూప్ కిందే అలికినట్లు ఉన్న వాటికి, ఇంటి లోపల ఐఎస్ఓ 400తో చేతిలో పట్టుకుని నెమ్మదైన షట్టర్‌తో తీసిన వాటికి, ఇప్పుడున్న ల్యాబ్ స్కాన్ చాలు; వాటిలో రంగు నచ్చకపోతే ఆ ఒక్క కారణానికే మళ్లీ తీయండి.